గోదురుకప్పకి ఏ మందు కొట్టాలి

మా ఇంట్లో పురుగు ఊసు లేకుండా అన్నం తిన్న రోజు లేదు. కంచం ముందు కూర్చుంటే చాలు, నాన్న మొదలుపెడతాడు. పత్తికి గులాబీ పురుగు తగిలిందట, మిరపకి తామర పురుగు తగ్గింది గానీ నల్లి పెరిగిందట, పక్క చేలో ఏదో కొత్త మందు కొడితే తెల్లారేసరికి మొత్తం రాలిపోయిందట. ఆ "రాలిపోయింది" అనే మాట దగ్గర నాన్న మొహం వెలిగిపోతుంది. మాది చిలకలూరిపేట రోడ్డుకి కాస్త లోపలగా ఉన్న ఊరు. సొంత పొలం లేదు, కౌలుకి తీసుకున్న చేలో కొంత పత్తి, కొంత మిరప వేస్తాడు. అమ్మ స్పిన్నింగు మిల్లుకి షిఫ్టులకి వెళ్తుంది. నేను పదో తరగతితో చదువు ఆపేసి, ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతున్నాను. నాయనమ్మ గుమ్మంలో కూర్చుని వచ్చేపోయే వాళ్లకి నా కుట్టు గురించి ఉన్నవీ లేనివీ చెప్తుంటుంది.

పురుగుని చంపడం తప్ప ఇంకో ఆలోచన లేని ఇలాంటి ఇంట్లోకి, పురుగుల్ని తిని బతికే జీవి ఒకటి తనంతట తానే నడుచుకుంటూ వచ్చింది.

నడుచుకుంటూ అని ఊరికే అనలేదు. గోదురుకప్ప మామూలు కప్పలాగా చెంగున దూకదు. ఒళ్లంతా బుడిపెలు, మట్టి రంగు, కళ్ల వెనకాల రెండు ఉబ్బులు. పొట్ట మోసుకుంటూ నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది, ఏదో ఆలోచిస్తుంది, మళ్లీ నాలుగడుగులు. పెళ్లిభోజనం చేసి బస్సు కోసం బయల్దేరిన పెద్దమనిషి నడకలా ఉంటుంది. వానలు మొదలైన కొత్తలో, దీపాలు పెట్టే వేళకి నా మిషను దగ్గరికి రావడం అలవాటు చేసుకుంది. నా ట్యూబులైటు కింద రాలే రెక్కల పురుగుల కోసం దాని రాక. ఆ పురుగులతో నేను పడే బాధ కుట్టేవాళ్లకే తెలుస్తుంది. లేత రంగు పట్టు గుడ్డ మీద ఒక్కటి నలిగిందంటే ఆ మరక జన్మలో పోదు. ఈ కప్ప మిషను కాలి పక్కన కూర్చుని, పడిన పురుగుని పడినట్టే మింగేది. నాలుక బయటికి రావడం కూడా కనపడదు. పురుగు ఉంటుంది, తర్వాత ఉండదు.

"ఏమే, దాన్ని తరమవేంది?" అంది నాయనమ్మ.

"నాకు పని చేసి పెడతంది నాయనమ్మా. జీతం కూడా అడగట్లేదు."

"బైబిల్లో కప్పల్ని దేవుడు ఐగుప్తు వాళ్ల మీదికి శిక్ష కింద పంపిచ్చాడు. వాళ్లు గుండెలు బాదుకున్నారు. నువ్వేమో కుర్చీ వెయ్యి, కూర్చుంటది."

కుర్చీ అయితే వెయ్యలేదు గానీ, తొట్టి ఒకటి తేవాల్సి వచ్చింది. మా వీధి చివర ఉండే ఒక వదిన నా దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటుంది. ఆవిడ ఒక సాయంత్రం కొలత జాకెట్టు ఇవ్వడానికి వచ్చి, చూసుకోకుండా దాన్ని తొక్కబోయింది. ఆవిడ కేకకి కప్ప నేల తడిపింది, ఆవిడ మంచం ఎక్కింది. ఇద్దరిలో ఎవరు ముందు చస్తారోనని భయమేసింది నాకు. మర్నాడే రోడ్డు మీది టిఫిన్ హోటలుకి వెళ్లి, వాళ్లు చేపలన్నీ చచ్చాక మూలన పడేసిన గాజు తొట్టి అడిగి తెచ్చుకున్నాను. అడుగున మట్టీ కొబ్బరి పొట్టూ కలిపి పరిచాను. పగిలిన కుండ పెంకు బోర్లించి ఇల్లు కట్టాను. నీళ్లకి పాత మట్టిమూకుడు పెట్టాను. పైన దోమతెర గుడ్డతో మూత కుట్టి, అంచుకి ఎలాస్టిక్ వేశాను. నా చేతి కుట్లలో ఇంతవరకూ ఎవరూ వంక పెట్టనిది అదొక్కటే.

నాన్న వచ్చి తొట్టి చుట్టూ తిరిగి చూశాడు.

"గేదె అయితే పాలిస్తది. కోడి అయితే గుడ్డు పెడతది. ఇదేం చేస్తది?"

"పురుగుల్ని తింటది నాన్నా."

"అట్టయితే దీన్ని మిరప చేలో కూలికి పెట్టు. మందు ఖర్చు తప్పిద్ది."

అలా ఎగతాళి చేస్తాడా, రోజూ సాయంత్రం చేలోంచి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా తొట్టి ముందు గొంతుకూర్చుంటాడు. ఏంటని అడిగితే "ఊరికే" అంటాడు. నేను లోపల పొయ్యి దగ్గరో మిషను దగ్గరో ఉండిపోయేదాన్ని, పట్టించుకోలేదు.

కప్పని పెంచడంలో మొదటి భయం నాకు దాని చర్మం వల్ల కలిగింది. ఒకరోజు పొద్దున్నే అది ఒళ్లు ఉబ్బించి, నోరు తెరిచి మూసి, వెనక కాళ్లతో వీపు గోక్కుంటోంది. ప్రాణం పోయేముందు ఇలాగే చేస్తుందేమోనని కుడుతున్నదాన్ని ఆపి పరిగెత్తాను. చూస్తుండగానే ఒంటి మీది పల్చటి పొర ఊడి, నోటి వైపు జరుగుతోంది. బిగుతు జాకెట్టుని తల మీద నుంచి లాగి విప్పినట్టు మొత్తం లాగేసి, ఆ పొరని ఉండ చేసి మింగేసింది. కింద కొత్త చర్మం తళతళలాడుతోంది. జాకెట్టు ఎప్పుడిస్తావని అడగడానికి వచ్చిన వదిన కూడా అదంతా చూసింది.

"నువ్వు కుట్టింది వేసుకునుంటది," అంది. "చంకల్లో అంత బిగిస్తే కప్ప కూడా విప్పి పారేస్తది."

"పారెయ్యలేదు వదినా, తిన్నది. అంత నచ్చింది నా కుట్టు."

ఇంతవరకూ ఆటలాగే సాగింది. తర్వాత ఒకరోజు నీళ్లమూకుడు అంచు మీద తెల్లటి పొడి కనిపించింది. నాయనమ్మ బియ్యప్పిండి రాల్చిందేమో అనుకుని వేలితో తుడవబోయాను. పొడి పక్కకి జరిగింది.

మొహం దగ్గరగా పెట్టి చూస్తే మట్టిలో, పెంకు మీద, గాజు మీద, అంతటా అవే. సూదిమొన కన్నా చిన్నవి, తెల్లగా, మెల్లగా పాకుతున్నాయి. నాన్నని పిలిచాను. ఆయన సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి, దాన్ని పెద్దది చేసి చూసి, చాలా రోజుల తర్వాత పాత చుట్టం కనపడినట్టు తలూపాడు.

"తెల్లనల్లి. మిరపాకు కింద చేరేది ఇదే. రసం పీల్చేస్తది. ఆకు తిరగబడ్డ పడవలాగా కిందికి ముడుచుకుపోద్ది."

"ఇది ఆకు కాదు కదా నాన్నా."

"నల్లి నల్లేగా. దానికి ఆకేంది, కప్పేంది. ఓ మూత మందు కలిపి పిచికారీ చేస్తే రేపటికల్లా రాలిపోద్ది."

"ఆగు నాన్నా, రెండ్రోజులు చూద్దాం."

చూస్తూ ఉండగానే కప్పకి జబ్బు చేసింది. ముందు తిండి మానేసింది. పగలంతా పెంకు కింద దాక్కునేది కాస్తా బయటే పడి ఉండటం మొదలుపెట్టింది. ఎప్పుడూ ఒంటికి దగ్గరగా ముడుచుకునే వెనక కాళ్లని చాపేసి వదిలేసింది, మధ్యమధ్యలో అవి వణికేవి. పొట్ట అడుగు ఎర్రబడింది. ట్యూబులైటు కింద రెక్కల పురుగు ఒకటి పట్టి తెచ్చి ముందు వదిలాను. ఆ పురుగు దాని కాలు ఎక్కి, నెత్తి ఎక్కి, కన్ను పక్క నుంచి దిగి తాపీగా వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఒక కప్ప కోసం ఏడుస్తానని నేనెప్పుడూ అనుకోలేదు. కానీ అన్ని సాయంత్రాలు నా కాలి పక్కన కూర్చున్న ప్రాణి అది. నేను కుట్లు విప్పి మళ్లీ కుట్టుకుంటుంటే ఒక్క మాట అనకుండా చూసింది ఈ ఇంట్లో అదొక్కటే.

"చూశావా, నల్లి రసం మొత్తం పీల్చేసింది," అన్నాడు నాన్న. "పద, షాపుకి తీసకపోదాం."

మా వైపు పైరుకి జబ్బు చేస్తే చూసేవాళ్లెవరూ చేలోకి రారు. మొక్కే వాళ్ల దగ్గరికి వెళ్తుంది. రోగం వచ్చిన కొమ్మ తుంచి, క్యారీబ్యాగులో పెట్టుకుని పురుగుమందుల షాపుకి పోతారు. షాపతను ఆకు తిప్పి చూసి, ఎన్ని ఎకరాలో అడిగి, డబ్బా తీసిస్తాడు. నాన్నకి తెలిసిన వైద్యం అదొక్కటే. స్వీట్ల డబ్బాకి చిల్లులు పెట్టి, తడిగుడ్డ పరిచి, నా చేత కప్పని అందులో పెట్టించి, నన్ను బండి వెనక ఎక్కించుకుని తీసుకెళ్లాడు.

షాపు ముందు ఒక్కొక్కరూ ఒక్కో కొమ్మ పట్టుకుని నిలబడ్డారు. మేం డబ్బా పట్టుకుని నిలబడ్డాం. మా వంతు వచ్చేసరికి షాపతను ఏదో రాసుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"ఏం బాబాయ్, పైముడతా, కింది ముడతా?"

"నల్లి అబ్బాయ్. తెల్లనల్లి."

"ఎన్ని ఎకరాలు?"

"ఒక తొట్టి."

"తొట్టేంది?" అని తలెత్తాడు. నాన్న డబ్బా మూత తీశాడు. షాపతను కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. పక్కన పత్తికొమ్మ పట్టుకున్న రైతు ఒకాయన తొంగి చూసి, నాన్న భుజం మీద చెయ్యేశాడు.

"పెద్దాయనా, పురుగుని ఇంత ఎదగనిస్తారా. చిన్నప్పుడే రావాల్సింది."

షాపంతా నవ్వింది. నాకు భూమిలోకి పోవాలనిపించింది. నాన్న మాత్రం చెక్కు చెదరలేదు.

"కప్పకి మందు నేనెట్టా ఇచ్చేది బాబాయ్," అన్నాడు షాపతను. "నల్లికైతే ఉంది."

"నల్లికే ఇవ్వు. కప్ప సంగతి మేం చూసుకుంటాం."

"అన్నా, అది కప్ప మీద పడితే?" అని అడిగాను.

"తెలవదమ్మా. డబ్బా మీద కప్ప గురించి ఏం రాయలా."

నాన్న చిన్న సీసా తీసుకుని జేబులో వేసుకున్నాడు. దారిలో పశువుల ఆసుపత్రి ఉంది. బండి ఆపమని గొడవ చేశాను. ఆపకపోతే దూకేస్తానన్నాను. దూకనని ఆయనకీ తెలుసు, అయినా ఆపాడు.

అక్కడ డాక్టరమ్మ ఒక గేదెకి సూది వేస్తోంది. వేసి వచ్చి, డబ్బాలోకి చూసి నవ్వింది.

"చదువుకునేటప్పుడు కప్పని కొయ్యడం నేర్పారమ్మా. మళ్లీ కుట్టి పంపడం నేర్పలేదు."

"కుట్టడం నాకొచ్చు మేడమ్. బతికించడమే రాదు."

ఆవిడ చెయ్యి తడుపుకుని కప్పని అరచేతిలోకి తీసుకుంది. పొట్ట తిప్పి చూసింది. వెనక కాలు మెల్లగా లాగి వదిలింది. అది ముడుచుకోలేదు.

"చూడమ్మా, కప్ప నోటితో నీళ్లు తాగదు. పొట్ట చర్మంతో పీల్చుకుంటుంది. దాని ఒంటికి ఏది తగిలినా తాగేసినట్టే. తొట్టిలో ఏ మందూ కొట్టకండి. లోపల ఉన్నదంతా తీసి పారేసి, వేడినీళ్లతో కడిగి, శుభ్రమైన తడిగుడ్డ మీద ఉంచండి. నీళ్లు రోజూ మార్చండి. ముట్టుకునే ముందు చేతులు కడుక్కోండి, సబ్బు మిగలకూడదు. ముట్టుకున్నాక కూడా కడుక్కోవాలి, దాని ఒంటి జిగట మీ కళ్లకి మంచిది కాదు."

"ఆ తెల్లవి మేడమ్?"

"అవి కప్పని తినేవి కాకపోవచ్చు. మిగిలిపోయిన తిండి కుళ్లితే దాని కోసం చేరతాయి. మేత ఎక్కువ వేస్తున్నారా?"

"లేదు మేడమ్, లైటు కింద నాలుగు పురుగులు, అంతే," అన్నాను గట్టిగా. నాన్న గేదె వైపు చూస్తూ నిలబడ్డాడు.

తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా బండి శబ్దం మీదుగా పోట్లాడుకున్నాం.

"ఏ మందూ వెయ్యొద్దని చెప్పడానికి డాక్టరెందుకమ్మాయ్? ఆ మాట మీ నాయనమ్మ కూడా చెప్పుద్ది."

"చర్మంతో తాగుద్దని చెప్పిందిగా నాన్నా."

"మందు లేకుండా తగ్గిన రోగం నా జన్మలో చూళ్లా. ఆదివారం దాకా ఆగుతా. అప్పటికీ లేవకపోతే నా మాట ఇనాలి."

సీసాని తీసుకెళ్లి వంటింటి అటక మీద పెట్టాడు. నేను వంట చేసేటప్పుడల్లా అది నా నెత్తి మీదే ఉండేది.

ఆ రోజే తొట్టి పని పట్టాను. ఫోనులో వెతికితే ఎవరో తెల్లావిడ కప్పల తొట్టి కడుగుతున్న వీడియో దొరికింది. ఆవిడ ఇంగ్లీషు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఆవిడ చేతులు మాత్రం బాగా అర్థమయ్యాయి. ఆవిడ చేసినట్టే మట్టి మొత్తం ఎత్తిపోశాను. మూకుడు, పెంకు వేడినీళ్లలో వేశాను. ఆవిడ అడుగున తెల్ల కాగితం పరిచింది. నా దగ్గర అంతకన్నా మంచిది ఉంది. జాకెట్టుకి వేసే లైనింగు గుడ్డని కుట్టేముందు నీళ్లలో నానబెట్టి ఆరేస్తాం, లేకపోతే మొదటి ఉతుక్కే ముడుచుకుపోతుంది. అలా నానబెట్టిన తెల్ల లైనింగు ముక్క ఒకటి మడతపెట్టి పరిచాను. తెల్ల గుడ్డ మీద అయితే పొట్ట ఎరుపు తగ్గిందో లేదో, దొడ్డికి వెళ్లిందో లేదో అన్నీ తెలుస్తాయి.

"అది నా జాకెట్టు లైనింగు కాదు గదా?" అంది వదిన.

"నీది ఆకుపచ్చ వదినా."

"ఏమో తల్లీ. ఈసారి వేసుకున్నాక బెకబెకమంటే నీ సంగతి చెప్తా."

మట్టి ఎత్తేటప్పుడు ఒక సంగతి వింతగా అనిపించింది. పెంకు కింద, మూలల్లో, సగం కుళ్లిన పచ్చపురుగులు ఉన్నాయి. లావుపాటివి. తెల్ల నల్లులన్నీ వాటి చుట్టూనే మూగి ఉన్నాయి. నా లైటు కింద రెక్కలున్నవే రాలతాయి, పచ్చపురుగు పాకుతూ వచ్చి తొట్టి ఎక్కదు కదా.

"నాయనమ్మా, ఇందులో ఎవరన్నా ఏమన్నా వేస్తన్నారా?"

"నాకు కళ్లు కనపడవమ్మా," అంది నాయనమ్మ. పొద్దున్నే ఆవిడే వీధి చివర పోతున్న మనిషి చీర అంచు రంగు చెప్పింది.

రెండు మూడు రోజులకి కప్పలో కాస్త కదలిక వచ్చింది. కాళ్లు మళ్లీ ఒంటికి చేరాయి. మూకుడులోకి దానంతట అదే దిగి కూర్చుంది. తెల్లగుడ్డ మీద నల్లులు ఒకటీ అరా తప్ప లేవు. నేను ఎంత పొంగిపోయానంటే, వదిన జాకెట్టుకి చేతులు తారుమారు చేసి కుట్టి మళ్లీ విప్పాను. శనివారం పొద్దున లేచి చూసేసరికి అది మళ్లీ వెనక కాళ్లు చాపుకుని పడుంది. ఈసారి తల కూడా గుడ్డకి ఆనించేసింది. రేపే ఆదివారం. అటక మీద సీసా.

ఆ సాయంత్రం పక్క వీధిలో జాకెట్లు ఇచ్చి, తొందరగా వచ్చేశాను. ముందు గదిలో నాన్న తొట్టి ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. చేలోకి అన్నం పట్టుకెళ్లే టిఫిను గిన్నె మూత తెరిచి ఉంది. దోమతెర ఎత్తి ఉంది.

"ఏంది నాన్నా అది?"

ఉలిక్కిపడి గిన్నె వెనక దాచాడు. "ఏం లేదు."

"గిన్నెలో కదిలేదేంది?"

"కదలట్లేదులే," అన్నాడు.

ఆయనే సర్దుకుని, కాస్త సిగ్గుపడుతూ చెప్పుకొచ్చాడు.

"నీ లైటు పురుగుల్లో ఏముంది, రెక్కలే గదా. పొట్ట నిండద్దా దానికి? అన్నం తిన్నాక గిన్నె కడిగి, మన చేలోయి నాలుగు లావుయి ఏరకొస్తన్నా. మొదటి నుంచీ తెస్తన్నాలే. మొన్న మూడ్రోజులు చేనుకి నీళ్లు పెట్టే పనిలో పడి తేలేకపోయా. నిన్న తెచ్చి నోటి దగ్గర పెడితే ఒకటి తిన్నది. నల్లి పీల్చి పీల్చి నీరసపడింది గదా, కాస్త బలం వస్తదని."

"ఎట్టా పడతన్నావు నాన్నా వాటిని?"

"పట్టేదేముంది. మందు కొట్టిన మర్నాడు ఆకుల మీదే పడుంటయి. ఎటూ పోవు. ఏరుకోడమే..."

అక్కడ ఆగిపోయాడు.

గిన్నె వైపు చూసుకున్నాడు. కప్ప వైపు చూశాడు. తర్వాత తన చేతివేళ్లు చూసుకున్నాడు. పొద్దుటి మందు వాసన ఆ వేళ్ల మీద ఇంకా ఉంది, నిలబడ్డ చోటికి నాకు తెలుస్తూనే ఉంది. గుమ్మంలో నాయనమ్మ, ఎప్పుడూ నోరు ఆగని మనిషి, కొంగు సర్దుకుంటూ వీధిలోకి చూస్తోంది. పురుగంటే ఆమడ దూరం నుంచే మండిపడే మనిషి, ఒక కప్ప కోసం ఎండలో వంగి పురుగులు ఏరి, అన్నం గిన్నెలో పెట్టుకుని తెస్తున్నాడు. ఏమని తిట్టను.

నాన్న లేచి దొడ్లోకి వెళ్లాడు. స్నానాల బండ దగ్గర చేతులు కడుక్కోవడం వినిపించింది. చాలాసేపు కడుక్కున్నాడు. మళ్లీ వచ్చి, మేం తాగడానికి కొనే మంచినీళ్ల క్యాను ఎత్తి తొట్టి పక్కన పెట్టాడు. బోరు నీళ్లు ఉప్పు కదా, అందుకు. చెయ్యి తడుపుకుని, ఇన్ని రోజుల్లో మొదటిసారి కప్పని చేతిలోకి తీసుకున్నాడు.

"పొయ్యి అమ్మాయ్. నెమ్మదిగా."

నేను గ్లాసుతో పోశాను. ఆయన దాని పొట్ట, కాళ్లు, వేళ్ల సందులు పసిపిల్లకి స్నానం చేయించినట్టు కడిగాడు. గుడ్డ మార్చాను. మూకుడులో దాని పొట్ట మునిగేంత నీళ్లు పోసి అందులో కూర్చోబెట్టాం. కాసేపటికి ఆ నీళ్లు పారబోసి మళ్లీ కొత్తవి. షిఫ్టు నుంచి వచ్చిన అమ్మ, తాగే నీళ్లు కప్పకి పోసేశామని తెలిసి, "మరి మనం దాని మూకుడులో తాగుదామా," అని మాత్రం అంది.

ఆదివారం ఆరాధనకి పోయి గుడి నుంచి వచ్చాక ఎవరూ సీసా ఊసెత్తలేదు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నాయనమ్మ చాలాసేపు ప్రార్థించి, చివర్లో గొంతు సవరించుకుంది.

"ఈ ఇంట్లో నోరున్నోళ్లని, నోరు లేనోళ్లని కాపాడు తండ్రీ. నోటితో నీళ్లు తాగనోళ్లని కూడా."

నేను ఒక కన్ను తెరిచి చూశాను. నాన్న కూడా ఒక కన్ను తెరిచే ఉన్నాడు. "ఆమెన్" అందరికన్నా ముందు ఆయనే అన్నాడు.

కప్ప చావలేదు. అలాగని టక్కున లేచి కూర్చోనూ లేదు. పొట్ట ఎరుపు మెల్లగా తగ్గింది, కాళ్లు మెల్లగా లోపలికి వచ్చాయి, కళ్లు పూర్తిగా తెరిచింది. తిండి మాత్రం ముట్టలేదు. నేను లైటు పురుగులే పట్టి పెట్టేదాన్ని, ఎగిరే ఓపిక ఉందంటే దానికి మందు తగలలేదనే కదా అర్థం. అది వాటిని చూసి మొహం తిప్పుకునేది. నాన్న ఇచ్చిన లావుపాటి పురుగుల రుచి మరిగిందేమోనని నాకు అనుమానం.

నాన్న మందు కొట్టడం మానేశాడని మాత్రం అనుకోకండి. ఆ సీసా కూడా చివరికి మిరప చేలోకే పోయింది. కౌలు చేను అది, మానేస్తే మేం తినేదేంటి. కానీ ఆయనకి ఒక అలవాటు ఉండేది, మా ఊళ్లో అందరికీ ఉన్నదే. చేలో కొట్టగా పిచికారీ పంపులో మిగిలిన మందు పారబొయ్యడానికి మనసొప్పక, ఇంటికి తెచ్చి దొడ్లో బెండమొక్కల మీద కొట్టేసేవాడు. ఆ అలవాటు ఆపేశాడు. పంపు చేలోనే పెట్టి వస్తున్నాడు.

"బెండమొక్కల జోలికి ఎవరూ పోవద్దు," అన్నాడు ఒకరోజు. "అందులో పురుగు పడాల. కప్పకి."

నాయనమ్మ తింటున్న ముద్ద ఆపింది.

"ఏరా, ఇన్నేళ్ల నుంచి ఆ బెండకాయలు తింటంది నేను. అప్పుడు గుర్తు రాలేదే నీకు?"

"నువ్వు నోటితో తింటావు గదమ్మా," అన్నాడు నాన్న తలెత్తకుండా.

"అయితే రేపటి నుంచి నేనూ తొట్టిలో కూర్చుంటా. అప్పుడన్నా చూస్తావు."

నాన్న రోజూ పొద్దున్నే బెండాకులు తిప్పి చూసేవాడు. జన్మంతా పురుగు కనపడకూడదని ఆకులు తిప్పిన మనిషి, ఇప్పుడు ఒక్కటన్నా కనపడాలని తిప్పుతున్నాడు. ఆకుకి చిన్న చిల్లు పడితే లోపలికొచ్చి చెప్పేవాడు. చివరికి ఒక సాయంత్రం దొడ్లోంచి కేక వినపడింది.

"అమ్మాయ్, పురుగు పడింది."

ఆ కేకకి పక్కింటి రైతు గోడ మీద నుంచి తల పెట్టాడు. "ఏం పురుగు? మా వైపు కూడా వస్తదా? ఏ మందు కొడతన్నావు?"

"కొట్టను."

"అదేంది, ఒంట్లో బాలేదా?"

నాన్న ఆయనతో మాట్లాడుతూనే బెండాకుతో సహా పురుగుని నా చేతికిచ్చాడు. చక్కగా మెలికలు తిరుగుతోంది, నిండు ఆరోగ్యంతో ఉంది. నేను లోపలికి పరిగెత్తి లైనింగు గుడ్డ మీద వదిలాను. పురుగు ముడుచుకుని, సాగి, ఒక అడుగు వేసింది. కప్ప తల ఇటు తిప్పింది. ముందుకాళ్ల మీద కాస్త లేచింది. ఎన్నాళ్లయిందో నేను ఆ లేవడం చూసి. వెనక కాలి బొటనవేలు టకటకా కొట్టుకుంది. ఆ తర్వాత పురుగు లేదు. మింగేటప్పుడు దాని కళ్లు రెండూ తలలోకి దిగిపోయి మళ్లీ పైకి వచ్చాయి, బరువు మోస్తూ నిట్టూర్చిన మనిషిలాగా.

నాన్న అప్పుడు వచ్చాడు.

"ఏదీ?"

"తినేసింది నాన్నా."

"నిజంగా? నేను చూళ్లేదే."

"నాలుక కనపడదని చెప్పాగా."

"ఆ పక్కింటాయన కాదూ, మాటల్లో పెట్టాడు." కాసేపు ఖాళీ గుడ్డ వైపు, కప్ప వైపు మార్చి మార్చి చూశాడు. "ఇంకోటి ఉండాల అక్కడ. కాయ తొలిచి ఉంది ఒకటి. నేను తెచ్చేదాకా దాన్ని ఎటూ చూడనియ్యమాక."

దొడ్లోకి గబగబా నడిచాడు. బెండమొక్కల దాకా పోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వెనక్కి తిరిగి, ముందుగా స్నానాల బండ దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కున్నాడు.